156 క్యూబిట్లు అంటే ఎంత? క్వాంటమ్ ఇంజనీరింగ్‌లో అసలు చిక్కు ఎక్కడుంది

2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్, ఎల్‌అండ్‌టీ కలిసి అమరావతి క్వాంటమ్ వ్యాలీ గురించి ప్రకటించినప్పటి నుంచి ఒక అంకె అందరి నోళ్లలో నానుతోంది: 156. అక్కడ పెట్టదలచిన ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ యంత్రంలోని హెరాన్ చిప్‌పై ఉండే క్యూబిట్ల సంఖ్య అది. కొందరు దాన్ని 156 రెట్ల వేగం అనుకుంటున్నారు. ఇంకొందరు బ్యాంకు ఖాతాల భద్రతకు నూకలు చెల్లాయంటున్నారు. బీటెక్ రెండో ఏడాదిలో ఉన్న మా మేనల్లుడైతే మొన్న పండక్కి వచ్చి, “మామయ్యా, సీఎస్‌ఈ వదిలేసి క్వాంటమ్‌లోకి వెళ్లిపోవాలా?” అని సూటిగా అడిగాడు.

వాడికి జవాబు చెప్పాలంటే ముందు ఆ 156 ఏమిటో తేలాలి. నాకు అర్థమైనంతలో, క్యూబిట్లు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న కన్నా అవి ఎంతసేపు చెడకుండా నిలబడతాయన్నది పెద్ద ప్రశ్న. క్వాంటమ్ ఇంజనీరింగ్ అనే రంగం పుట్టిందే ఆ రెండో ప్రశ్న కోసం.

## క్యూబిట్‌ను తిరిగే నాణెంతో పోలిస్తే ఎందుకు చాలదు

మన ఫోన్‌లోని బిట్ స్విచ్ లాంటిది. సున్నా, లేదా ఒకటి. క్యూబిట్ ఈ రెండింటి మిశ్రమంగా ఉండగలదు. దీన్ని చెప్పడానికి చాలామంది గాల్లో తిరుగుతున్న నాణెం పోలిక తెస్తారు: కింద పడేదాకా బొమ్మో బొరుసో తెలియదు కదా అని. సగం దూరం వరకు ఆ పోలిక పనికొస్తుంది. కానీ బొమ్మ పడే అవకాశం, బొరుసు పడే అవకాశం ఎప్పుడూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. క్యూబిట్ విషయంలో రద్దవుతాయి.

చెరువులో పక్కపక్కనే రెండు రాళ్లు వేసి చూడండి. రెండు అలల శిఖరాలు కలిసిన చోట నీరు ఇంకా పైకి లేస్తుంది. ఒకదాని శిఖరం, మరొకదాని పల్లం కలిసిన చోట నీరు కదలనట్టే ఉంటుంది. క్యూబిట్‌లో సున్నాకు, ఒకటికి ఉండే ‘వాటాలు’ కూడా ఇలాంటి అలలే. వాటికి ధన, రుణ విలువలుంటాయి, కాబట్టి కలుస్తాయి, కొట్టుకుపోతాయి. క్వాంటమ్ కంప్యూటర్ శక్తి అంతా ఈ కలయికను మనకు కావలసినట్టు నడిపించడంలో ఉంది.

ఇక సంఖ్య సంగతి. రెండు క్యూబిట్ల స్థితిని రాసుకోవాలంటే నాలుగు విలువలు కావాలి: 00, 01, 10, 11కి ఒక్కొక్కటి. ఒక్కో క్యూబిట్ చేరినప్పుడల్లా ఈ లెక్క రెట్టింపు అవుతుంది. 10 క్యూబిట్లకు 1,024 విలువలు. 30కి సుమారు 107 కోట్లు. ఒక్కో విలువకు 16 బైట్లు వేసుకుంటే దాదాపు 17 జీబీ, అంటే ఇప్పటి మంచి ల్యాప్‌టాప్‌లో పట్టేస్తుంది. 50 క్యూబిట్లకు 18,000 టెరాబైట్లు కావాలి, దాన్ని మోయడం సూపర్ కంప్యూటర్‌కే గగనం. 156 క్యూబిట్లకు కావలసిన విలువల సంఖ్య రాస్తే 47 అంకెలు వస్తాయి. ఈ భూమ్మీద అంత మెమరీ లేదు.

వార్తల్లో కనిపించే అద్భుతమైన పోలికలన్నీ ఇక్కడ పుట్టినవే. వాటిలో చెప్పకుండా వదిలేసేది ఒకటుంది. ఆ 47 అంకెల సంపదను మనం చూడలేం. కొలిచిన క్షణంలో చేతికి దక్కేది 156 సున్నాలు, ఒకట్లు మాత్రమే.

## ‘అన్ని జవాబులనూ ఒకేసారి చూస్తుంది’ అన్న మాటలో పొరపాటు

క్వాంటమ్ కంప్యూటర్ కోటి తాళంచెవులను ఒకేసారి పెట్టి చూస్తుందని చెబుతుంటారు. అదే నిజమైతే కొలిచినప్పుడు ఆ కోటిలో ఏదో ఒకటి గుడ్డిగా బయటికొస్తుంది, లాటరీకి దానికి తేడా ఉండదు. తప్పుడు జవాబుల అలలు కొట్టుకుపోయి, సరైన జవాబు అల పైకి లేచేలా లెక్కను అల్లగలిగితేనే లాభం. అలాంటి అల్లిక అన్ని సమస్యలకూ దొరకదు. దొరికినవి కొన్నే. వాటిలో పేరుపడ్డది 1994లో పీటర్ షోర్ కనిపెట్టిన పద్ధతి. దాని సారం కాగితం మీద చేసి చూడొచ్చు.

15ను రెండు ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టాలనుకుందాం. ఏదో ఒక సంఖ్య, ఉదాహరణకు 7, తీసుకుని దాని ఘాతాలను 15తో భాగించి శేషాలు రాయండి. 7కు శేషం 7. 49కి 4. 343కి 13. 2,401కి 1. ఇంకా ముందుకు వెళ్తే మళ్లీ 7, 4, 13, 1. నాలుగు మెట్లకోసారి తిరిగి మొదటికొస్తోంది, అంటే ఆవృత్తి 4. అందులో సగం 2. ఏడు రెండో ఘాతం 49. దానికి అటూ ఇటూ ఉన్నవి 48, 50. 48కి, 15కి గరిష్ఠ సామాన్య భాజకం 3. 50కి, 15కి 5. మూడైదులు పదిహేను. తాళం తెరుచుకుంది.

మామూలు కంప్యూటర్‌కు ఈ మెట్లన్నీ తేలికే, ఒక్కటి తప్ప: ఆవృత్తిని కనిపెట్టడం. బ్యాంకులు, వెబ్‌సైట్లు వాడే ఆర్‌ఎస్‌ఏ తాళం నిలబడింది పెద్ద సంఖ్యను ఇలా విడగొట్టడం కష్టమన్న దాని మీదే, అందులో సంఖ్యకు సాధారణంగా 617 అంకెలుంటాయి. అక్కడ శేషాలు ఎన్నాళ్లకు తిరిగి మొదటికొస్తాయో ఒక్కొక్కటిగా రాస్తూ పోతే యుగాలు చాలవు. కానీ తిరిగి తిరిగి వచ్చేది అల లక్షణం. ఆ లయను పట్టుకోవడంలో క్వాంటమ్ యంత్రం దిట్ట. షోర్ పద్ధతి దానికి అప్పగించేది ఆ ఒక్క మెట్టునే.

దీనితో పోలిస్తే 1996లో లవ్ గ్రోవర్ చెప్పిన వెతుకులాట పద్ధతి లాభం తక్కువ. వరస లేని కోటి పేర్ల జాబితాలో ఒకటి వెతకాలంటే మామూలుగా సగటున 50 లక్షల సార్లు చూడాలి, గ్రోవర్ పద్ధతిలో దాదాపు 2,500 మెట్లు చాలు. వినడానికి బాగుంది. కానీ క్వాంటమ్ యంత్రంలో, అందులోనూ తప్పులు దిద్దుకుంటూ నడిచే యంత్రంలో, ఒక్కో మెట్టు మామూలు ప్రాసెసర్ కంటే ఎంతో నిదానం. అందుకే క్వాంటమ్ కంప్యూటర్ వస్తే వెబ్ వెతుకులాట వేగం పెరుగుతుందన్న ఆశకు ఆధారం లేదు.

## గోరంత చిప్, గదంత శీతలయంత్రం

ఫొటోల్లో క్వాంటమ్ కంప్యూటర్ అంటూ చూపించే బంగారు రంగు దీపగుచ్ఛం నిజానికి కంప్యూటర్ కాదు, ఫ్రిజ్ లోపలి భాగం. బంగారు పూత పూసిన రాగి పళ్లేలు అంతస్తులుగా కిందికి వేలాడుతుంటాయి, తలకిందులు చేసిన గోపురంలా. పై అంతస్తు కంటే కింది అంతస్తు చల్లన. అన్నిటికంటే కింద, చిప్ ఉండే చోట, ఉష్ణోగ్రత పరమశూన్యానికి (సుమారు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్, అంతకంటే చల్లన ఉండదు) ఒక డిగ్రీలో నూరో వంతు పైన. నక్షత్రాల మధ్య ఖాళీ కూడా పరమశూన్యానికి 2.7 డిగ్రీలు పైన ఉంటుంది. అంటే ఈ పళ్లెం అంతరిక్షం కన్నా రెండు వందల రెట్లకు పైగా చల్లన. హీలియం-3, హీలియం-4 అనే రెండు రకాల హీలియంను కలిపి తిప్పుతూ ఈ చలిని పుట్టిస్తారు. యంత్రం నడుస్తుంటే పల్స్ ట్యూబ్ అనే శీతలీకరణ భాగం చప్పుడు ఒకే తాళంలో, ఊపిరి తీసినట్టు, ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది.

ఇంత చలి ఎందుకు? ఐబీఎం, గూగుల్ వాడే క్యూబిట్ ఒక చిన్న విద్యుత్ వలయం. రెండు అల్యూమినియం పొరల మధ్య అతి పలుచని అల్యూమినియం ఆక్సైడ్ పొర ఉంటుంది, దాన్నే జోసెఫ్సన్ జంక్షన్ అంటారు. చలిలో అల్యూమినియం అతివాహకమై, అంటే విద్యుత్తుకు అడ్డే లేనిదై, ఈ వలయం మొత్తం ఒకే పరమాణువులా ప్రవర్తిస్తుంది. చేత్తో పట్టుకోగల వలయం ఇలా క్వాంటమ్ నియమాలు పాటిస్తుందని 1980ల నడుమ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీలో రుజువు చేసినందుకే జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లకు 2025 భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ క్యూబిట్‌ను సున్నా నుంచి ఒకటికి తీసుకెళ్లే మైక్రోవేవ్ శక్తి చాలా చిన్నది. మన గది వేడిలో ఉండే కదలిక దానికన్నా వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. తిరునాళ్ల హోరులో గుసగుస వినాలన్నట్టు ఉంటుంది పరిస్థితి.

చిక్కు ఇంతటితో తీరదు. చిప్‌తో మాట్లాడటానికి పైనుంచి తీగలు దించాలి, ప్రతి తీగా వేడిని మోసుకొస్తుంది. ఆ కింది పళ్లెం దగ్గర ఫ్రిజ్ తోడేయగల వేడి పదుల మైక్రోవాట్లే. ఒక చిన్న ఎల్‌ఈడీ బుడ్డి వెలిగినా అంతకు వెయ్యి రెట్లు శక్తి పడుతుంది. అందుకే దిగే సంకేతాన్ని అంతస్తు అంతస్తుకూ తగ్గిస్తూ, చిప్ చేరేసరికి సుమారు పది లక్షల వంతుకు కుదిస్తారు, దానితో పాటు పైనుంచి వచ్చే రొద కూడా కుదించుకుపోతుంది. వంద క్యూబిట్లకు ఈ తీగల అల్లిక ఎలాగోలా కుదిరింది. లక్షలకు ఎలాగన్నది ఇంకా తేలని ఇంజనీరింగ్ ప్రశ్న.

అతివాహక వలయాలే దారి అని కూడా ఎవరూ తేల్చలేదు. యిటర్బియం, బేరియం అయాన్లను విద్యుత్ క్షేత్రంలో నిలబెట్టి లేజర్లతో నడిపేవాళ్లున్నారు. రుబీడియం పరమాణువులను కాంతి పట్టకార్లతో వరుసగా పేర్చేవాళ్లున్నారు. అవి ఎక్కువసేపు చెడకుండా ఉంటాయి, కానీ పని నిదానం.

## లెక్క ఎలా చెడుతుంది, ఎలా దిద్దుతారు

ఇప్పటి మంచి యంత్రాల్లో రెండు క్యూబిట్లను కలిపే ఒక్కో పనిలో తప్పు జరిగే అవకాశం వెయ్యిలో ఒకటి అనుకుందాం. వెయ్యి పనులున్న లెక్క మొత్తం తప్పు లేకుండా పూర్తయ్యే అవకాశం 37 శాతం. ఐదు వేల పనులుంటే అది ఒక శాతం లోపే. 617 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను విడగొట్టడానికి వందల కోట్ల పనులు కావాలి.

మందు పాతదే: ఒక మాటను మూడుసార్లు చెప్పి, ఎక్కువసార్లు వినిపించినదాన్ని నమ్మడం. ఒక్కో కాపీ చెడే అవకాశం ఒక శాతమైతే, మూడింటిలో రెండు చెడి మనం మోసపోయే అవకాశం 0.03 శాతమే. ఒక్కో కాపీ 60 శాతం చెడేదైతే మాత్రం ఇదే పద్ధతిలో తప్పు 65 శాతానికి పెరుగుతుంది! తప్పులు ఒక గీత కంటే తక్కువగా ఉంటేనే కాపీలు మేలు చేస్తాయి. ఆ గీతకు పైన ఉంటే, ఎన్ని చేర్చితే అంత కీడు.

క్యూబిట్లతో ఇంకో ఇబ్బంది ఉంది. క్వాంటమ్ స్థితిని కాపీ తీయడం ప్రకృతిలోనే కుదరదు, చూస్తే చెడిపోతుంది. అందుకని సమాచారాన్ని చాలా క్యూబిట్ల మధ్య పరిచి, ‘మీ ఇద్దరూ ఒకేలా ఉన్నారా, వేరుగా ఉన్నారా’ అని మాత్రమే పక్కపక్క క్యూబిట్లను అడుగుతారు. ఎవరు ఏమిటో అడగరు. ఈ పద్ధతిలో గీత ఒక శాతం దరిదాపుల్లో ఉంటుంది.

2024 డిసెంబరులో గూగుల్ విల్లో చిప్‌తో చూపించిన ఫలితం విలువ నా దృష్టిలో ఇక్కడే ఉంది. ‘కోట్ల కోట్ల ఏళ్ల పనిని ఐదు నిమిషాల్లో’ అన్న శీర్షిక కింద అది మరుగున పడింది. క్యూబిట్ల అమరికను 3×3 గడుల నుంచి 5×5కి, అక్కడి నుంచి 7×7కి పెంచినప్పుడు, ఒక్కో మెట్టుకూ తప్పులు సగానికి పైగా తగ్గాయి. గీత దాటి మంచి వైపుకు వచ్చారన్నమాట. అయితే ఆ 7×7 అమరికలో ఒక్క నమ్మకమైన క్యూబిట్ కోసం, సమాచారం మోసే 49, వాటిని కనిపెట్టుకుని ఉండేవి కలిపి 101 అసలు క్యూబిట్లు ఖర్చయ్యాయి.

ఇప్పుడు 156ను మళ్లీ చూడండి. ఆ లెక్కన అది నిండా ఒక్క నమ్మకమైన క్యూబిట్. ఐబీఎం పొదుపైన మరో దారిని ప్రతిపాదించింది: 288 క్యూబిట్లతో 12 నమ్మకమైనవి. 2029కి అలాంటివి 200 ఉన్న యంత్రం తెస్తామని 2025లో చెప్పింది. ఆ గడువు నిలబడుతుందని నమ్మేవాళ్లున్నారు. గణితవేత్త గిల్ కలై లాగా, రొద వల్ల ఇది పెద్ద స్థాయిలో అసలు సాధ్యమే కాదని వాదించేవాళ్లూ ఉన్నారు. విల్లో ఫలితం ఆశ వైపు మొగ్గు చూపించింది, కానీ ఒకే ఒక్క క్యూబిట్‌ను కాపాడటం వేరు, వందలను కలిపి లెక్క చేయించడం వేరు.

## మన పాస్‌వర్డుల సంగతి

ఈ రోజు ఉన్న ఏ క్వాంటమ్ యంత్రమూ బ్యాంకు తాళాన్ని తీయలేదు. అలాగని నిశ్చింతగా ఉండలేం, ఎందుకంటే అంచనాలు దిగుతున్నాయి. ఆర్‌ఎస్‌ఏ తాళాన్ని విరగ్గొట్టడానికి 2 కోట్ల క్యూబిట్లు, 8 గంటలు కావాలని 2019లో క్రేగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరో లెక్క కట్టారు. 2025లో గిడ్నీయే దాన్ని 10 లక్షల లోపు క్యూబిట్లకు, వారం లోపు సమయానికి తగ్గించారు. యంత్రం మారలేదు, లెక్క చేసే తెలివి మారింది.

అసలు భయం రేపటి దొంగ గురించి కాదు. ఈ రోజే తాళం వేసిన సమాచారాన్ని దాచుకుని, యంత్రం వచ్చాక తెరుద్దామనుకునేవాడి గురించి. కెనడాకు చెందిన మిషెల్ మోస్కా చెప్పిన లెక్క చాలా సులువు. ఒక ఆసుపత్రి రికార్డులు 15 ఏళ్లు రహస్యంగా ఉండాలి. కొత్త తాళాలకు మారడానికి 7 ఏళ్లు పడుతుంది. మొత్తం 22. ఒకవేళ తాళం తీసే యంత్రం 20 ఏళ్లకు వస్తే, ఆ ఆసుపత్రి ఇప్పటికే రెండేళ్లు ఆలస్యమైనట్టు.

కొత్త తాళాలు చేయడానికి క్వాంటమ్ యంత్రమేమీ అక్కర్లేదు. షోర్ పద్ధతికి లొంగని వేరే గణితం మీద కట్టిన మూడు ప్రమాణాలను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో విడుదల చేసింది. అవి మామూలు ఫోన్లలో, సర్వర్లలో నడుస్తాయి.

రెండో దారి, తాళంచెవిని ఒక్కొక్క కాంతి కణంలో పంపడం. మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే కణం చెడి, దొంగ దొరికిపోతాడు. 1984లో బెనెట్, బ్రసార్డ్ చెప్పిన ఈ ఆలోచనను 2020 డిసెంబరులో డీఆర్‌డీవో హైదరాబాద్‌లోనే, తన డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ప్రయోగశాలల మధ్య నడిపి చూసింది. 2022లో ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య వంద కిలోమీటర్లకు పైగా పంపారు. ఇబ్బందల్లా దూరమే. మంచి ఫైబర్‌లో 100 కిలోమీటర్లకు నూటికి ఒక్క కణం మిగులుతుంది, 200కు పదివేలకు ఒకటి, 300కు పది లక్షలకు ఒకటి. కాపీ తీయడం కుదరదు కనుక మధ్యలో ఆంప్లిఫయర్ పెట్టలేం. నమ్మకమైన మజిలీలు కట్టాలి, ఆ మజిలీలో ఉన్నవాడిని నమ్మాలి. అందుకే అమెరికా ఎన్‌ఎస్‌ఏ, బ్రిటన్ భద్రతా సంస్థలు దీనికంటే కొత్త గణిత తాళాలే మేలంటున్నాయి. చైనా ఉపగ్రహంతో సహా దీని మీద పెద్ద ఎత్తున పెట్టుబడి పెట్టింది. మన జాతీయ క్వాంటమ్ మిషన్ కూడా 2,000 కిలోమీటర్ల లక్ష్యం పెట్టుకుంది. గణిత తాళాన్ని రేపు ఎవరైనా కొత్త ఉపాయంతో విప్పరని హామీ లేదు కదా అన్నది ఇటువైపు వాదన. అది కొట్టిపారేసేది కాదు.

## ఇప్పటికే పనిచేస్తున్న క్వాంటమ్

కంప్యూటర్ల హడావుడిలో వెనక్కి పోయిన క్వాంటమ్ యంత్రం ఒకటుంది: పరమాణు గడియారం. 1967 నుంచి సెకను అంటే సీజియం పరమాణువు వెలువరించే తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగే కాలం. కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు వెళ్తుంది. కాబట్టి ఉపగ్రహ గడియారం మైక్రోసెకను తప్పితే, మ్యాప్‌లో మీ ఇల్లు 300 మీటర్లు జరిగిపోతుంది.

ఇది మనకు అనుభవంలోకి వచ్చిన సంగతే. జీపీఎస్ లాంటి మన నావిక్ వ్యవస్థ మొదటి ఉపగ్రహంలో విదేశాల నుంచి తెచ్చిన మూడు రుబీడియం గడియారాలూ ఆగిపోయి, ఆ ఉపగ్రహం దారి చూపే పనికి పనికిరాకుండా పోయింది. అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రంలో తయారైన రుబీడియం గడియారంతో ఎన్‌వీఎస్-01 శ్రీహరికోట నుంచి 2023 మే 29న లేచింది. క్వాంటమ్ ఇంజనీరింగ్‌లో సొంత చెయ్యి ఎందుకు కావాలో ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

గురుత్వాకర్షణను కొలిచే క్వాంటమ్ పరికరాలు కూడా ప్రయోగశాల దాటాయి. 2022లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు చల్లబరిచిన పరమాణువులు కిందికి పడే తీరును బట్టి నేల కింద ఉన్న సొరంగాన్ని పైనుంచే పట్టేశారు. తవ్వకుండా పైపులు, గనుల బోలు వెతకడానికి ఈ పద్ధతి పనికొస్తుంది.

## అమరావతి యంత్రంపై రెండు వాదనలు

కేంద్రం 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్ విలువ రూ. 6,003.65 కోట్లు, గడువు 2030-31. కంప్యూటర్లకు బెంగళూరు ఐఐఎస్‌సీ, సమాచార ప్రసారానికి ఐఐటీ మద్రాస్, సెన్సర్లకు ఐఐటీ బాంబే, పదార్థాలకు ఐఐటీ ఢిల్లీ కేంద్రాలు. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1,000 క్యూబిట్ల యంత్రాలు దేశంలోనే చేయాలన్నది లక్ష్యం. బెంగళూరు సంస్థ క్యూపీఏఐ 2025లో 25 క్యూబిట్ల యంత్రాన్ని ప్రకటించింది.

కొనుక్కొచ్చిన 156 కన్నా చేసుకున్న 25 మేలు కదా అన్నది ఒక వాదన. చిప్ బయటిది, ఫ్రిజ్ బయటిది. ఐబీఎం యంత్రాలను ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా వాడుకోవచ్చు. అలాంటప్పుడు ఊళ్లో ఉంటే ఏం లాభమని అడుగుతారు. ఎదురు వాదన ఏమంటే, యంత్రం దగ్గరుంటే దాని చుట్టూ మనుషులు తయారవుతారు, క్యూలో వెనక నిలబడకుండా ఎక్కువసేపు ప్రయోగాలు చేసుకోవచ్చు, సంస్థలు వస్తాయి. రెండింటిలోనూ నిజముంది. నాకైతే తేడా ఒక్కచోట తేలుతుందనిపిస్తుంది: ఆ ఫ్రిజ్ చెడినప్పుడు దాన్ని విప్పి బాగుచేసే చేతులు ఎవరివి? ఇక్కడి పిల్లలవైతే మొదటి వాదన బలం తగ్గుతుంది. ప్రతిసారీ విమానంలో మనిషి దిగాలంటే రెండోది నిలబడదు.

మేనల్లుడితో అదే చెప్పాను. ఈ రంగానికి భౌతికశాస్త్రవేత్తలు ఒక్కళ్లే చాలరు. మైక్రోవేవ్ సర్క్యూట్లు తెలిసిన ఈసీఈ వాళ్లు, వాక్యూమ్, అతిశీతల యంత్రాలు తెలిసిన మెకానికల్ వాళ్లు, తప్పులను క్షణాల్లో పట్టి దిద్దే సాఫ్ట్‌వేర్ రాసే సీఎస్‌ఈ వాళ్లు కావాలి. బ్రాంచ్ వదలక్కర్లేదు, లీనియర్ ఆల్జీబ్రా వదలకుండా ఉంటే చాలు అన్నాను. వాడు కాగితం తీసుకుని 15కు బదులు 21 పెట్టి, 5తో మొదలుపెట్టాడు. శేషాలు 5, 4, 20, 16, 17, 1. ఆవృత్తి 6, సగం 3, ఐదు మూడో ఘాతం 125. అటూ ఇటూ 124, 126. ఒకటి 21తో అసలు కలవలేదు, రెండోది నిండా 21తోనే పోయింది. “రాలేదేంటి మామయ్యా?” అన్నాడు. అచ్చిరాని సంఖ్య పడితే షోర్ పద్ధతిలోనూ మరొకటి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాల్సిందే అని చెప్పాను. ఈసారి 2 తీసుకున్నాడు: 2, 4, 8, 16, 11, 1. సగం దగ్గర 8. అటూ ఇటూ 7, 9. టీ చల్లారకముందే ఏడు మూళ్లు ఇరవై ఒకటి కాగితం మీదికి వచ్చేసింది.